లక్కలో గుండీ

లక్క కడ్డీ కొస మంటలో మెత్తబడి, ఒక్క క్షణం తటపటాయించి, బొట్టుగా జారి కవరు మీద పడింది. దాని మీద రెండో బొట్టు, మూడో బొట్టు. ముద్ద బొటనవేలి గోరంత అయ్యాక ఆయన కడ్డీని పక్కన పెట్టి, తడిగుడ్డ మీదున్న ఇత్తడి ముద్రను తీసి నొక్కి, మనసులో నాలుగు లెక్కపెట్టాడు. మూడే లెక్కపెడితే అచ్చు తేలదు. అయిదు దాకా ఆగితే ముద్ర ఊడి రాదు. ముద్ర పైకి లేచింది. పూర్తయిన కవరు ఎడమవైపు గంపలోకి వెళ్లింది, కుడివైపు గుట్టలోంచి ఇంకోటి వచ్చింది. పొద్దున్నుంచి ఇది ముప్పై ఏడోది.

ఇదంతా ఆయన కవరు వైపు చూడకుండానే చేశాడు. మొహం పక్కకు తిప్పి, తలుపు దగ్గర ఎవరో తెలిసినవాళ్లు నిలబడ్డట్టు అటే చూస్తూ చేశాడు. కొత్తగా వచ్చినవాళ్లు అది పనిలో ఆరితేరిన మనిషి గర్వం అనుకునేవారు. నిజానికి సూటిగా చూస్తే ఆయనకు కవరు కనిపించదు. చూపు మధ్యలో బూడిదరంగు మచ్చ ఒకటి ఉంది. దేన్ని చూడాలనుకుంటే సరిగ్గా దాన్నే మింగేస్తుంది, చుట్టుపక్కలవి మాత్రం భేషుగ్గా చూపిస్తుంది. మనిషిని చూస్తే చెవులుంటాయి, ముక్కు ఉండదు. గడియారంలో అంకెలుంటాయి, ముళ్లుండవు. అందుకని ఏదైనా చూడాలంటే దాని పక్కన చూడటం అలవాటు చేసుకున్నాడు.

అది పరీక్షల కార్యాలయం. రెండో అంతస్తులో చివరి గది గోప్య విభాగానిది. ప్రశ్నపత్రాలు అచ్చయి, కట్టలుగా వచ్చి, కవర్లలోకి వెళ్లి, ఆయన చేతికింద మూత పడి, అక్కడి నుంచి ఊళ్లకు వెళ్తాయి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ మూత వేసేది ఆయనే. ఆఫీసులో అందరికీ ఆయన సీలు బాబాయి. అసలు పేరు జీతం చిట్టాలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కుడిచేతి మూడు వేళ్ల కొసలు లక్క కాలి కాలి గట్టిపడిపోయాయి. తెల్లచొక్కాలు తప్ప వేసుకోడు. అవన్నీ చెల్లెలు కుట్టి పంపేవే.

ఇత్తడి ముద్రకు తాడు కట్టి నడుము పట్టీకి ముడివేసుకుంటాడు. సాయంత్రం ఇనప్పెట్టెలో పెట్టి సంతకం చేసేదాకా ఆ తాడు విప్పడు. ఒకసారి పైనుంచి వచ్చిన పెద్ద అధికారి ముద్ర చూపించమని చెయ్యి చాస్తే, "చూడండి సార్" అని తన గుప్పిట్లోనే పట్టుకుని చూపించాడు. పాపం ఆ అధికారి నడుము వంచి చూసి, బాగుందని వెళ్లిపోయాడు. చేరిన మొదటి ఏడాది ఆయన సీలు వేసిన లెక్కల పేపరే చెల్లెలు రాసిన పేపరు. ఒక్క కాగితం బయటికి లాగి చూస్తే సరిపోయేది. చూడలేదు. ఆమె తప్పింది. వారం రోజులు అన్నతో మాట్లాడలేదు, తర్వాత వెళ్లి కుట్టు మిషను నేర్చుకుంది. మా అన్నయ్య చేతి మీదుగా వెళ్లిన పేపరే నన్ను తప్పించిందని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

అలాంటి మనిషికి ఒక రహస్యం ఉందంటే అది కంటి మచ్చే. తొమ్మిది నెలల కిందట డాక్టరు చెప్పాడు, ఇది తగ్గేది కాదు, పెరగడం కాస్త నెమ్మది చేయగలం అంతేనని. ఆఫీసులో తెలిస్తే ముద్ర ఇంకొకరి చేతిలో పెట్టి ఇంటికి వెళ్లమంటారు. ఉద్యోగం ఇంకా పద్నాలుగు నెలలుంది. భార్య పోయి ఆరేళ్లయింది. ఆ రెండు గదుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని తనేం చేస్తాడో ఆయనకు ఊహకు అందేది కాదు. ముద్ర లేకపోతే తనెవరో తనకే తెలియదని భయపడ్డాడు. అందుకే ఎవరికీ చెప్పలేదు, ఒక్క చెల్లెలికి తప్ప.

ఆమెకు చెప్పడానికి కారణం ఉంది. పదహారేళ్లప్పుడు ఆయన చూసుకోకుండా నాన్న కళ్లజోడు మీద కూర్చుని విరగ్గొట్టాడు. ముక్కలు తీసుకెళ్లి పెరట్లో పాతిపెడుతుంటే ఏడేళ్ల చెల్లెలు చూసింది. నాన్న పది రోజులు ఇల్లంతా వెతికాడు. చెల్లెలిని బుజ్జగించి అడిగాడు, గదమాయించి అడిగాడు, చివరికి రెండు దెబ్బలు కూడా వేశాడు. పిల్ల ఏడ్చింది గాని నోరు విప్పలేదు. నాన్న పోయిన చాలా ఏళ్లకు, ఎవరికైనా చెప్పావా అని ఆయన నవ్వుతూ అడిగితే, అడిగినవాళ్లకే చెప్పనిది అడగనివాళ్లకు ఎందుకు చెప్తానంది. కడుపులో దాచుకునే మనిషంటే ఆయన దృష్టిలో చెల్లెలే.

ఆమె ఉండేది వేరే ఊళ్లో. ఈయన ఇంటి గోడలు పలచన, పక్కింటివాళ్లు దగ్గితే ఇక్కడ నిద్ర లేవాలి. ఇక కంటి సంగతి ఫోనులో మాట్లాడేదెలా? అందుకని మెసేజీల యాప్‌లో రాసుకునేవారు. చెల్లెలి పేరు నొక్కగానే పైన చిన్న తాళం బొమ్మ, కింద ఒక వాక్యం ఉండేవి: ఈ మాటలు మీరూ అవతలివారూ తప్ప మధ్యలో ఎవరూ చదవలేరు. ఆ వాక్యం ఆయనకు ఎంత నచ్చిందో చెప్పలేం. ఎవరో తన పనినే ఫోనులో పెట్టారనుకున్నాడు. అక్షరాలు బాగా పెద్దవి చేసుకుని, ఫోనును మొహానికి పక్కగా పట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుని రాసేవాడు.

యాప్ ఆఫీసులోనూ ఉంది. సర్క్యులర్లు ఇప్పుడు అందరూ ఉన్న గ్రూపులోకే వస్తాయి. వాటిని కాగితం మీదికి తీయాలంటే ఎవరిదో ఒకరి ఫోనును విభాగం కంప్యూటరుకు కలపాలని పోయినేడు అన్నారు. అందరూ నీళ్లు నమిలారు. ఒకరి ఫోను పాతదట, ఇంకొకరిది ఇంట్లో పిల్లలు వాడతారట. చివరికి సీలు బాబాయి, నా ఫోనులో ఏముంది, తీసుకోండమ్మా అని ఆపరేటర్ అమ్మాయికి ఇచ్చాడు. ఆమె కంప్యూటరు తెర ముందు ఫోను పట్టుకుని ఒక నిమిషంలో తిరిగి ఇచ్చేసింది. ఇత్తడి ముద్రను ఎవరి చేతికీ ఇవ్వని మనిషి ఆ నిమిషం గురించి మళ్లీ తలచుకోలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఎనిమిది నెలల నుంచి ఆఫీసు బాగుపడింది. ఇదివరకు కవరు మూత అంచు కాగితంలో కలిసిపోయేది. ఇప్పుడు అంచు పొడుగునా లావుపాటి దారం కుట్టి వస్తోంది. బొటనవేలు ఆ దారం వెంట నడిపిస్తే చాలు, సీలు పడాల్సిన చోటు తనంతట తనే దొరుకుతుంది. చిరునామాలు పెద్ద అక్షరాల్లో వస్తున్నాయి. మెట్ల అంచులకు ఎవరో పసుపుపచ్చ పట్టీలు అంటించారు. మంచినీళ్ల గ్లాసు ఎప్పుడు చెయ్యి చాపినా ఒకే చోట ఉంటోంది. ఇన్నాళ్లకు వీళ్లకు బుద్ధి వచ్చిందని ఆయన సంతోషించాడు. లోకం బాగుపడుతోందని నమ్మేవాళ్లు ఆ ఆఫీసులో తక్కువ, ఆ కొద్దిమందిలో ఆయన ఒకడు.

పది గంటలకు సూపరింటెండెంటు సంతకాల కోసం వచ్చాడు. ఆయన సీలు బాబాయి కంటే పదేళ్లు చిన్న, లావుగా, నెమ్మదిగా ఉంటాడు. గంపలోని కవర్లు లెక్క చూసుకుని, చిట్టా మీద సంతకం గీకుతూ, మాటల మధ్యలో అన్నాడు.

"రేపట్నుంచి ఆ కిటికీ పక్కన కూర్చోండి బాబాయ్. వెలుతురుంటే మచ్చకి కొంచెం నయమంట."

అని నాలుక కరుచుకున్నాడు. కలం ఆగిపోయింది. తర్వాత చిట్టా మూసి, ఇంకేదో పని గుర్తొచ్చినట్టు గబగబా వెళ్లిపోయాడు.

సీలు బాబాయి చేతిలోని కడ్డీ మంటలోనే ఉండిపోయింది. లక్క బొట్లు బొట్లుగా బల్ల మీద పడింది. మచ్చ అన్నాడు. కళ్లు అనలేదు, చూపు అనలేదు. డాక్టరు కూడా దానికి ఏదో పొడుగాటి పేరు పెట్టాడు గాని మచ్చ అనలేదు. ఆ మాట తను పెట్టుకున్నది, చెల్లెలికి రాసింది. మరి ఈయనకెలా తెలిసింది? ఎంత ఆలోచించినా లెక్క ఒకేచోట తేలుతోంది. తెలిసింది ఇద్దరికి. తను చెప్పలేదు.

ముప్పై ఎనిమిదో కవరు అలాగే వదిలేసి, దీపం ఆర్పి, మెట్ల మలుపులోకి వెళ్లి చెల్లెలికి ఫోను చేశాడు. ఆ పది మెట్లు దిగేసరికే ఎందుకో ఆయాసం వచ్చింది. అవతల కుట్టు మిషను టకటకలాడుతోంది.

"నా కంటి సంగతి ఎవరికైనా చెప్పావా?"

"నేనెవరికి చెప్తాను?"

"మా సూపరింటెండెంటుకి తెలిసింది. మచ్చ అన్నాడు. ఆ మాట నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు."

"మీ సూపరింటెండెంటు మొహం కూడా నేనెరగను అన్నయ్యా."

"దుకాణంలో ఎవరి దగ్గరైనా నోరు జారావేమో, గుర్తు చేసుకో."

మిషను ఆగిపోయింది.

"నాన్న కళ్లజోడు సంగతికి నలభై రెండేళ్లు," అందామె. "అది ఎవరి దగ్గర జారానో చెప్పు."

ఆయన ఫోను పెట్టేశాడు. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాక కోపం తగ్గకపోగా పెరిగింది. చెల్లెలు గుట్టు రట్టు చేసిందంటే నమ్మబుద్ధి కావడంలేదు. చేయలేదంటే తాళం అబద్ధం కావాలి. తాళం అబద్ధమైతే ఎవరు చదువుతున్నారు? ఎక్కడో ఎవరో ఒక గదిలో కూర్చుని అన్నాచెల్లెళ్ల మాటలు చదివి, పనిగట్టుకుని ఈ ఊళ్లో ఈ ఆఫీసులో సూపరింటెండెంటుకు చెప్పాడా? ఇది మరీ విడ్డూరం. దానికంటే చెల్లెలు నోరు జారిందనుకోవడమే తేలిక. తేలికైనదాన్నే నమ్మాడు. ఫోను తీసి, మొహం పక్కన పెట్టుకుని, పావుగంట తంటాలు పడి రాశాడు: "ఇద్దరికే తెలిసిన మాట మూడో నోట వచ్చింది. నేను చెప్పలేదు. ఇక నాకేమీ రాయొద్దు." పంపాక గుండెల మీద చెయ్యి వేసుకుని కాసేపు అలాగే కూర్చున్నాడు. మనసు బరువనుకున్నాడు.

మళ్లీ దీపం వెలిగించాడు. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. నలభయ్యో కవరు దారం మీద వేలు నడుస్తుండగా ఆపరేటర్ అమ్మాయి వచ్చి బల్ల ముందు నిలబడింది. ఎప్పుడూ చేతిలో ఏదో ఒక కాగితం లేకుండా రాదు. ఇవాళ ఏమీ లేదు. ఆయనకు కనిపించేవి ఆమె చెవులకున్న రింగులూ, నలుపుకుంటున్న చేతులూ.

"బాబాయ్, మీ చెల్లెలు చెప్పలేదు."

ఆయనకు చాలాసేపు అర్థం కాలేదు. చెల్లెలు ఉందని ఈ పిల్లకు తెలుసు సరే, ఏదో చెప్పిందని తను అనుకున్నట్టు ఎవరు చెప్పారు? ఆ మాట తను గోడతో కూడా అనలేదు. ఇంతకుముందు ఒక్కటే చిక్కుముడి ఉండేది, ఇప్పుడు రెండయ్యాయి.

"ఏం చెప్పలేదు?" అన్నాడు.

"ఒకసారి నాతో రండి," అందామె.

కంప్యూటరు ముందు తన కుర్చీలోనే ఆయన్ని కూర్చోబెట్టింది. తెర మీద అక్షరాలు పెద్దవి చేసింది. ఆయన తలను కుడికి తిప్పి, ఎడమకంటి కొసతో చూశాడు. ఎడమవైపు వరసలో ఆఫీసు గ్రూపు, దాని పైన చెల్లాయి అన్న పేరు, పక్కన మిషను దగ్గర కూర్చున్న ఆమె ఫొటో. లోపల పొద్దున తను రాసిన మూడు వాక్యాలు. దానికి పైన నిన్నటివి, మొన్నటివి. కంట్లో మందు వేసుకున్నావా అన్నయ్యా. మచ్చ పెద్దదయిందా? ఆఫీసులో ఎవరికీ తెలిసిపోలేదుగా? ఆమె పైకి జరుపుతూ పోయింది. డాక్టరు కాగితం ఫొటో. మెట్లు కనిపించక మొన్న తూలిపడబోయానని తను రాసిన మాట. ఇంకా పైన, మా సూపరింటెండెంటు మంచివాడే గాని మధ్యాహ్నం తలుపు వేసుకుని కునుకు తీస్తాడు, గురక మా గది దాకా వినిపిస్తుంది అని తను రాసిన మాట.

"ఇది కూడా చూశాడా ఆయన?"

"చూశారు. నవ్వారు."

ఆరేడు నెలల నుంచి సూపరింటెండెంటు మధ్యాహ్నం తలుపు వేయడం మానేశాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఇంకెప్పుడైనా అయితే సీలు బాబాయి కూడా నవ్వేవాడు.

"మరి తాళం?" అన్నాడు.

"తాళం ఉంది బాబాయ్. దారిలో ఎవరూ చదవలేరు. అది నిజమే. కాకపోతే మీ ఫోనుకి ఇది రెండో తలుపు. పోయినేడు సర్క్యులర్ల కోసం మీరే ఇచ్చారు. అప్పట్నుంచి మీకొచ్చేవీ మీరు రాసేవీ అన్నీ ఇక్కడికీ వస్తున్నాయి."

ఆమె మిగతాదీ చెప్పింది. మొదట సర్క్యులర్ ముద్రిస్తుంటే తెర మూలన చెల్లెలి మాట మెరిసింది. చదవాలని చదవలేదు. కళ్లబడింది. ఆయన ఎక్కడ మెట్ల మీద పడతాడోనని రెండు రోజులు భయపడి, ఒక్క సూపరింటెండెంటుకు చెప్పింది. కవర్లకు దారం సూపరింటెండెంటే కుట్టించాడు. పసుపు పట్టీలు ఆమె అంటించింది. బాబాయి తనంతట తను చెప్పేదాకా ఎరగనట్టే ఉందామని ఇద్దరూ అనుకున్నారు. ఇవాళ పొద్దున ఆ మూడు వాక్యాలు తెర మీదికి వచ్చాక, ఇక ఊరుకోవడం ఆమెవల్ల కాలేదు.

సీలు బాబాయి ఎవరి మీద కోప్పడాలో వెతుక్కున్నాడు. వీళ్లు చదవకుండా ఉండుంటే ఈపాటికి ఏ మెట్టు మీదో కాలు విరగ్గొట్టుకునేవాడు, సీళ్లు వంకరపోయి ముద్ర ఎప్పుడో చేజారేది. వీళ్లు చదివారు కాబట్టే పొద్దున తోడబుట్టినదాన్ని అనరాని మాట అన్నాడు. దండం పెట్టాలా, దుమ్మెత్తిపోయాలా? రెండూ చేయాలనే ఉంది. ఎనిమిది నెలలుగా లోకం బాగుపడిందనుకున్నాడు. బాగుపడింది లోకం కాదు, ఈ ఇద్దరూ.

"ముప్పై ఒక్క ఏళ్లలో నేను ఒక్క కవరు విప్పి చూళ్లేదమ్మా," అన్నాడు చివరికి.

"నేను విప్పలేదు బాబాయ్. తెరిచే ఉంది." ఆమే మళ్లీ అంది, గొంతు తగ్గించి. "మొదటిసారి కళ్లబడింది. తర్వాత మాత్రం, మీరెలా ఉన్నారోనని నేనే చూశాను. అది తప్పే."

ఆమె ఏదో నొక్కింది. తెర ఖాళీ అయిపోయింది.

"తీసేశాను. ఇక మీవి ఇక్కడికి రావు."

"రావని నాకెలా తెలుస్తుంది?"

"నేను చెప్తున్నాను కదా."

ఆయన ఆ ఖాళీ తెర వైపు, అంటే దాని పక్కనున్న గోడ వైపు, చూస్తూ తల ఊపాడు. ఇంత పెద్ద తాళమూ, ఇన్ని తలుపులూ తిరిగి తిరిగి చివరికి ఈ పిల్ల మాట దగ్గరికొచ్చి ఆగాయి. నమ్మాలో వద్దో తేల్చుకోవడానికి ఆయనకు ఆమె మొహం కనిపించలేదు. గొంతును బట్టి నమ్మాడు.

చెల్లెలికి ఫోను చేశాడు. స్విచాఫ్. మళ్లీ చేశాడు. కోపం వస్తే ఆమె చేసేది అదే, చిన్నప్పుడు గది తలుపేసుకునేది, ఇప్పుడు ఫోను ఆపేస్తుంది. యాప్ తెరిచి, క్షమించమ్మా అని రాయబోయి ఆగిపోయాడు. ఆ మాట ఎక్కడెక్కడ తేలుతుందో ఇప్పుడెవరు చెప్పగలరు? తనకు తెలిసిన మూత ఒక్కటే ఉంది, అది లక్కతో పడేది.

మధ్యాహ్నం అందరూ తిండి దగ్గర కూర్చున్నప్పుడు రోడ్డు దాటి వెళ్లి ఒక కవరూ స్టాంపూ కొనుక్కొచ్చాడు. ఆఫీసు కవరు తీసుకోవడం ఆయన చేతకాని పని. కవరు పల్చగా, నున్నగా, తెల్లగా ఉంది. కట్టల మీద గుర్తులు పెట్టే లావు కలంతో కాగితం మీద రాశాడు: "చెల్లాయ్, నువ్వు చెప్పలేదు. తలుపు నేనే తీసి మరిచిపోయాను. నిన్ను అన్న మాటకి సిగ్గుపడుతున్నాను. నాన్న కళ్లజోడు మీద ఒట్టు, ఇంకెప్పుడూ నిన్ను అడగను. ఆదివారం వస్తాను." ఏ వరస ఏ వరస మీద పడుతోందో ఆయనకు తెలియలేదు. కలం వెళ్లిన చోటికి వెళ్లింది.

కాగితం కవర్లో పెట్టి, లక్క కరిగించబోతూ ఇత్తడి ముద్ర తీసుకున్నాడు. మళ్లీ తడిగుడ్డ మీద పెట్టేశాడు. ఇది ప్రభుత్వం సొమ్ము, సొంత ఉత్తరానికి వాడకూడదు. బల్ల మీద ఇంకేముందని తడుముకున్నాడు. ఏమీ లేదు. చొక్కా కుడిచేతి గుండీ వేలికి తగిలింది. చెల్లెలు కుట్టిన గుండీ, నాలుగు చిల్లులది. చిన్న కత్తితో దారం తెంపాడు. అప్పుడు ఉత్తరం మళ్లీ బయటికి తీసి, చివర ఇంకో వాక్యం చేర్చాడు: "వచ్చినప్పుడు చొక్కాకి గుండీ కుట్టాలి." ఆ వాక్యం రాస్తుంటే పొద్దున్నుంచీ పట్టేసినట్టున్న గుండె కాస్త వదులైంది.

బొటనవేలితో మూత అంచు వెతికాడు. దారం లేదు. కాగితం అంతా ఒకేలా ఉంది. రెండుసార్లు అటూ ఇటూ నడిపించి, అంచు అనిపించిన చోట లక్క వేశాడు, మూడు బొట్లు. గుండీ పెట్టి, నొక్కి, నాలుగు లెక్కపెట్టాడు. లాగితే రాలేదు. గుండీని ముందు తడి చేయడం మరిచిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఇలాంటి పొరపాటు మొదటిసారి. నవ్వుకుని, సరే ఉండనీ అని వదిలేశాడు.

సాయంత్రం గేటు దగ్గర పోస్టు డబ్బాలో వేయమని కవరును ఆపరేటర్ అమ్మాయి చేతికే ఇచ్చాడు. తనే వేయొచ్చు. కావాలనే ఇచ్చాడు. ఆమె కవరు తిప్పి చూసింది. చాలాసేపే చూసింది.

"బాబాయ్..."

"ఏమ్మా?"

"మూత అంటించారా?"

"సీలు పడ్డాక ఇంకా అంటించేదేముంది?"

ఆమె కవరు తీసుకుని వెళ్లింది. ముద్ర ఇనప్పెట్టెలో పెట్టి సంతకం చేస్తుంటే సూపరింటెండెంటు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ ఏదో అనాలని ఉంది. రేపు కిటికీ పక్కన కూర్చుంటానని సీలు బాబాయి అన్నాడు. అలాగేనని ఆయన తల ఊపాడు. ఎనిమిది నెలల గుట్టు అంతటితో సరిపోయింది.

పసుపు పట్టీలు ఒక్కొక్కటే చూసుకుంటూ, చూసినప్పుడల్లా ఆ పిల్లను తలచుకుంటూ మెట్లు దిగాడు. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఇంకా వెలుతురుంది. దుకాణాలూ మనుషులూ అంచుల్లో కదులుతూ పోతున్నారు, మధ్యలో మచ్చ. ఎడమచెయ్యి తిమ్మిరెక్కితే కుడిచేత్తో రుద్దుకున్నాడు. గుండీ లేని చేతిపట్టీ గాలికి అల్లల్లాడింది. ఆయన దిగాల్సిన స్టాపు వచ్చింది, వెళ్లింది. చివరి స్టాపులో అందరూ దిగాక కండక్టరు వచ్చి పెద్దాయనా అని భుజం తట్టాడు. మళ్లీ తట్టి, డ్రైవరును పిలిచాడు.

సరిగ్గా ఆ వేళకే చెల్లెలు ఫోను తెరిచి రాసింది: "నమ్మకపోతే మానెయ్యి. మందు మాత్రం వేసుకో." పక్కన రెండు టిక్కులు పడ్డాయి. చేరిందన్నమాట. అవి నీలంగా మారలేదు. తర్వాతి మూడు రోజులూ, జరగాల్సినవన్నీ జరుగుతున్నంతసేపూ, ఆమె సందు దొరికినప్పుడల్లా ఆ రెండు టిక్కుల వైపు చూసుకుంది. అన్నయ్య తన మీద కోపంతోనే పోయాడన్న మాట ఎవరితోనూ అనలేదు. ఇదీ దాచుకుంది.

నాలుగో రోజు ఊరికి తిరిగొచ్చి దుకాణం తెరిచింది. ఆసుపత్రివాళ్లు సంచిలో పెట్టి ఇచ్చిన చొక్కా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కుడిచేతి గుండీ లేదు. తన కుట్టు అంత తేలిగ్గా ఊడేది కాదు, ఎక్కడ పడిపోయిందో అని చూస్తుండగా పోస్టుమాన్ వచ్చి కవరు ఇచ్చాడు.

చిరునామా చేతిరాత అన్నయ్యది. కవరు తిప్పింది. లక్క ముద్ద మూత మీద లేదు. అంగుళం పక్కన, ఉత్త కాగితం మీద ఉంది. మూత అంటించలేదు, ఎవరో జాగ్రత్తగా లోపలికి దోపారు. వేలు పెడితే తెరుచుకుంది. దారిలో ఎన్ని చేతులు మారిందో, ఎవరు తీసి చదివారో, ఎవరూ చదవలేదో ఆమెకు ఎప్పటికీ తెలియదు.

లోపల వరసలు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోయాయి. మొదటి వరస మాత్రం శుభ్రంగా ఉంది. చెల్లాయ్, నువ్వు చెప్పలేదు. ఆమె దాన్ని నాలుగైదుసార్లు చదివింది. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చింది. చివరి వరస కూడా ఎలాగో తెలిసింది, గుండీ కుట్టాలని.

ఒళ్లో చొక్కా ఉంది, పక్కనే సూదీ దారం ఉన్నాయి. గుండీని మాత్రం ఆమె ఊడదీయలేదు. అది దేన్నీ మూయకుండా, తెరిచి ఉన్న మూతకు అంగుళం దూరంలో, ఎర్రటి లక్కలో గట్టిగా అతుక్కుని ఉంది.